బాగా ఎగిరే గ్లైడర్‌ను కిందికి దించడం ఎలా? – స్పాయిలర్ల వెనుక ఉన్న విజ్ఞానం

విమానంలో రెక్క పక్కనున్న కిటికీ సీటు దొరికినవారు ఒక విషయం గమనించే ఉంటారు. చక్రాలు రన్‌వేను తాకగానే రెక్క పైభాగాన కొన్ని పలకలు ఒక్కసారిగా నిటారుగా లేస్తాయి. అంతవరకు నునుపుగా ఉన్న రెక్క మీద వరుసగా తలుపులు తెరిచినట్టు కనిపిస్తుంది. ఈ పలకలనే స్పాయిలర్లు అంటారు. రెక్క చేసే పనిని కావాలనే చెడగొట్టడం వీటి బాధ్యత కాబట్టి ఆ పేరు వచ్చింది.

వేలాది కిలోల ఇంధనాన్ని మండించి, ఎంతో శ్రమపడి పైకి లేచిన విమానానికి రెక్కను చెడగొట్టే పరికరం ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ప్రయాణికుల విమానం కన్నా గ్లైడర్‌లో స్పష్టంగా దొరుకుతుంది. గ్లైడర్‌కు ఇంజిన్ ఉండదు. తాడుతో లాగి గానీ, చేత్తో విసిరి గానీ పైకి పంపితే, పైకి లేచే వేడి గాలుల సాయంతో గద్దలా చక్కర్లు కొడుతూ ఎగురుతుంది. మనిషి కూర్చుని నడిపే గ్లైడర్లు ఉన్నట్టే, నేల మీద నిలబడి రేడియో తరంగాలతో నడిపే మోడల్ గ్లైడర్లూ ఉన్నాయి. కొన్ని వందల గ్రాముల ఫోమ్ మోడల్ నుంచి నాలుగు మీటర్ల రెక్కలున్న కార్బన్ ఫైబర్ మోడల్ వరకు ఇవి రకరకాలుగా ఉంటాయి.

కొత్తగా వీటిని ఎగరేసేవారు, పైకి పంపడమే కష్టమనుకుంటారు. కొద్ది రోజులకే అసలు చిక్కు దించడంలో ఉందని తెలుస్తుంది. గ్లైడర్ ఎంత బాగా తయారైతే దాన్ని అనుకున్న చోట దించడం అంత కష్టం. ఇంజిన్ ఉన్న విమానమైతే, దిగడం కుదరనప్పుడు మళ్లీ పైకి లేచి ఇంకో ప్రయత్నం చేయవచ్చు. గ్లైడర్‌కు ఆ అవకాశం ఉండదు. ఒకే ప్రయత్నంలో దిగాలి, అదీ మనుషులు, చెట్లు, కరెంటు తీగలు లేని చోట దిగాలి.

దిగడమంటే శక్తిని వదిలించుకోవడం

రెండు కిలోల మోడల్ గ్లైడర్ ఒకటి 30 మీటర్ల ఎత్తులో, సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగురుతోందనుకుందాం. ఎత్తు వల్ల దానికున్న స్థితిజ శక్తి సుమారు 588 జౌళ్లు. వేగం వల్ల ఉన్న గతిజ శక్తి 100 జౌళ్లు. రెండూ కలిపితే దాదాపు 690 జౌళ్లు. నేల మీద కదలకుండా ఆగేసరికి ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గాలికి ధారపోస్తే ల్యాండింగ్ సాఫీగా జరుగుతుంది. నేలకో, గోడకో, రెక్క విరగడానికో ఖర్చయితే దాన్ని ప్రమాదం అంటాం.

గాలిలో ఈ శక్తిని తినేది గాలి నిరోధం ఒక్కటే. దీన్నే డ్రాగ్ అంటారు. రెక్క పైకి ఎత్తే బలం పేరు లిఫ్ట్. గ్లైడర్ ఒక మీటరు ఎత్తు కోల్పోతూ ఎన్ని మీటర్లు ముందుకు పోతుందో చెప్పే సంఖ్యను గ్లైడ్ నిష్పత్తి అంటారు. అది లిఫ్ట్‌ను డ్రాగ్‌తో భాగిస్తే వచ్చే సంఖ్యకు సమానం. మన మోడల్ నిష్పత్తి 20 అనుకుందాం. దాని బరువు సుమారు 20 న్యూటన్లు. కాబట్టి డ్రాగ్ ఒక్క న్యూటన్ మాత్రమే. అంటే అరచేతిలో 100 గ్రాముల తూనికరాయిని పెట్టుకుంటే తెలిసేంత బలం. 690 జౌళ్ల శక్తిని తినడానికి మన దగ్గర ఉన్న బ్రేకు అదొక్కటే. ఈ లెక్కన స్థూలంగా 700 మీటర్లు పోతే గానీ ఆ శక్తి తీరదు. ఫుట్‌బాల్ మైదానం పొడవు సుమారు 105 మీటర్లు మాత్రమే.

ఎత్తు తగ్గించాలంటే ముక్కును కిందికి వంచితే సరిపోదా? సరిపోదు. అలా చేస్తే ఎత్తు పోతుంది గానీ శక్తి పోదు, వేగంగా మారుతుంది. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, మన మోడల్ 30 మీటర్ల ఎత్తు నుంచి నేరుగా కిందికి దూకినప్పుడు నేల దగ్గర దాని వేగం సెకనుకు 26 మీటర్లకు చేరుతుంది. అంటే గంటకు 94 కిలోమీటర్లు. ముక్కు పైకెత్తగానే ఆ వేగమంతా మళ్లీ ఎత్తుగా మారుతుంది.

నేల దగ్గర ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. రెక్క కొనల వద్ద గాలి సుడులు తిరగడం వల్ల డ్రాగ్‌లో కొంత భాగం పుడుతుంది. నేలకు రెక్కల పొడవు కన్నా తక్కువ ఎత్తులోకి వస్తే ఆ సుడులను నేల అడ్డుకుంటుంది, డ్రాగ్ మరింత తగ్గుతుంది. దించాలనుకున్న చోటు దాటిపోయినా మోడల్ దిగకుండా, నేలకు మూరెడు ఎత్తులో తేలుతూ పోయేది ఇందుకే.

పలక లేస్తే ఏమవుతుంది?

రెక్క పైభాగం మీదుగా పోయే గాలి అడుగు భాగం గాలి కన్నా వేగంగా కదులుతుంది. అక్కడ పీడనం తక్కువగా ఉంటుంది. లిఫ్ట్‌లో ఎక్కువ భాగం ఈ పైభాగం నుంచే వస్తుంది. సరిగ్గా అక్కడ ఒక పలకను నిలబెడితే, గాలి రెక్కను అంటుకుని పారడం మానేసి విడిపోతుంది. పలక వెనుక గజిబిజి సుడులు ఏర్పడతాయి. ఆ భాగం వరకు లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్ బాగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. స్పాయిలర్ అంటే లిఫ్ట్‌ను తగ్గించేదని సాధారణంగా చెబుతారు. పలక లేచిన మొదటి క్షణంలో అది నిజమే, మోడల్ కాస్త కిందికి జారుతుంది. కానీ వెంటనే గాలి తగిలే కోణం పెరిగి, రెక్కలో మిగతా భాగం ఎక్కువ పని చేయడం మొదలుపెడుతుంది. స్థిరంగా దిగుతున్న గ్లైడర్‌లో లిఫ్ట్ మళ్లీ దాదాపు బరువుకు సమానం అవుతుంది. చివరికి మిగిలే మార్పు డ్రాగ్ పెరగడమే. మన ఉదాహరణలో స్పాయిలర్లు పూర్తిగా తెరిస్తే గ్లైడ్ నిష్పత్తి 6కు పడిపోయిందనుకుందాం. అప్పుడు డ్రాగ్ ఒక న్యూటన్ నుంచి 3.3 న్యూటన్లకు చేరుతుంది. 700 మీటర్ల సమస్య సుమారు 210 మీటర్లకు తగ్గుతుంది. అదీ వేగం పెరగకుండానే.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. రెక్కలో కొంత భాగం పని మానేసింది కాబట్టి, మిగతా భాగం తన హద్దుకు దగ్గరగా పనిచేస్తుంటుంది. ఆ హద్దు దాటితే రెక్క ఒక్కసారిగా లిఫ్ట్ కోల్పోతుంది. దాన్ని స్టాల్ అంటారు. రెక్క సామర్థ్యం పది శాతం తగ్గితే స్టాల్ అయ్యే వేగం సుమారు ఐదు శాతం పెరుగుతుంది. అందుకే స్పాయిలర్లు తెరిచి దిగేటప్పుడు మామూలు కన్నా కాస్త ఎక్కువ వేగంతో రావాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1930లలో జర్మనీలో గ్లైడర్లు మేఘాల్లోకి దూరి ఎత్తులకు చేరడం మొదలైంది. మేఘంలో దిక్కు తోచక అదుపు తప్పి కిందికి దూకినప్పుడు, వేగం హద్దు మీరి రెక్కలు విరిగే ప్రమాదం ఉండేది. ఆ వేగాన్ని అదుపులో పెట్టడానికి హాన్స్ జాకబ్స్ వంటి రూపకర్తలు రెక్కల్లోంచి బయటికి వచ్చే బ్రేకు పలకలను తయారు చేశారు. ప్రాణరక్షణ కోసం పుట్టిన ఆ పరికరం, కచ్చితంగా దిగడానికి కూడా బాగా పనికొస్తుందని తేలింది. రెక్కలోని సన్నని గాడిలోంచి నిటారుగా పైకి లేచే పలకలను నేటికీ షెంప్–హిర్త్ రకం అంటారు. మార్టిన్ షెంప్, వోల్ఫ్ హిర్త్‌ల పేర్లతో ఉన్న జర్మన్ గ్లైడర్ సంస్థ నుంచి ఆ పేరు వచ్చింది.

స్పాయిలర్ లేకపోతే?

1983 జులై 23న ఎయిర్ కెనడాకు చెందిన బోయింగ్ 767 విమానంలో, ఇంధనం లెక్కలో పౌండ్లు, కిలోల తేడా వల్ల, నడి ఆకాశంలో ఇంధనం అయిపోయింది. రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. 69 మందితో ఉన్న ఆ విమానం గ్లైడర్‌గా మారింది. జిమ్లీ అనే చోట ఉన్న పాత వైమానిక స్థావరం దగ్గరికి వచ్చేసరికి ఎదురైన సమస్య మనం చెప్పుకున్నదే: ఎత్తు ఎక్కువైంది, తగ్గించే సాధనం లేదు. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. ఆయన రెక్కను ఒక పక్కకు వాల్చి, రడ్డర్‌ను వ్యతిరేక దిశలో నొక్కి, విమానాన్ని పక్కవాటుగా నడిపారు. గాలి విమానం పక్క భాగానికి తగలడంతో డ్రాగ్ పెరిగింది, వేగం పెరగకుండానే ఎత్తు తగ్గింది. విమానం రన్‌వే మీద దిగి ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు.

ఈ పద్ధతిని సైడ్‌స్లిప్ అంటారు. స్పాయిలర్లు లేని చిన్న మోడళ్లకూ ఇది పనికొస్తుంది. అయితే నేలకు తగినంత ఎత్తులోనే మోడల్‌ను తిరిగి నిటారుకు తేవాలి.

పెద్ద పోటీ మోడళ్లలో మరో పద్ధతి ఉంది. రెక్క లోపలి భాగంలోని ఫ్లాప్‌లు బాగా కిందికి, కొనల దగ్గరి ఏలెరాన్లు కొద్దిగా పైకి కదులుతాయి. ముందు నుంచి చూస్తే రెక్క వంకరలు తిరిగినట్టుంటుంది. దీన్ని క్రో అని గానీ బటర్‌ఫ్లై అని గానీ పిలుస్తారు. ఫ్లాప్‌లు డ్రాగ్‌ను పెంచుతాయి. ఏలెరాన్లు పైకి ఉండటం వల్ల కొనలు తక్కువ పని చేసి, స్టాల్ నుంచి దూరంగా ఉంటాయి.

అమర్చేటప్పుడు చూడాల్సినవి

స్పాయిలర్లను సాధారణంగా రెక్కలో బరువు మోసే స్పార్‌కు కాస్త వెనుకగా, రెక్క లోపలి సగంలో అమరుస్తారు. కొనల దగ్గర పెట్టకపోవడానికి కారణం ఉంది. మోడల్‌ను పక్కలకు వాల్చే ఏలెరాన్లు అక్కడే ఉంటాయి, వాటి మీదికి మంచి గాలి రావాలి. మరీ బాడీకి దగ్గరగా పెట్టినా చిక్కే. పలకల వెనుక పుట్టే సుడులు తోకకు తగిలి, దాని పట్టు తగ్గుతుంది.

రెండు స్పాయిలర్లూ ఒకే క్షణంలో, ఒకే ఎత్తుకు లేవాలి. ఒకటి ముందు లేస్తే మోడల్ ఆ పక్కకు ఒరిగిపోతుంది. నేలకు రెండు మీటర్ల ఎత్తులో అలా జరిగితే సరిదిద్దడానికి సమయం ఉండదు. కంటితో చూసి వదిలేయకుండా, పావు వంతు, సగం, పూర్తిగా తెరిచినప్పుడు రెండు పలకల ఎత్తునూ స్కేలుతో కొలిచి, ట్రాన్స్‌మిటర్‌లో సర్వోల కదలికను సరిచేయాలి. సర్వో అంటే పలకను కదిపే చిన్న మోటారు.

మూసినప్పుడు పలక రెక్కతో సమంగా కూర్చోవాలి. రెక్క పైన పీడనం తక్కువ కాబట్టి, వేగం పెరిగితే పలకను గాలే పైకి లాగాలని చూస్తుంది. అందుకే దాన్ని సర్వోతో గానీ, స్ప్రింగుతో గానీ, చిన్న అయస్కాంతంతో గానీ గట్టిగా పట్టి ఉంచాలి.

గ్లైడర్‌కు ఇంజిన్ లేదు కాబట్టి, ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్‌కు కేటాయించిన స్టిక్‌ను చాలామంది స్పాయిలర్లకు వాడతారు. స్టిక్ ముందుకు ఉంటే మూసినట్టు, వెనక్కి లాగితే తెరిచినట్టు. ఇది మీటతో కాకుండా స్టిక్‌తోనే ఉండాలి. ‘తెరిచింది, మూసింది’ అనే రెండు స్థితులు మాత్రమే ఉంటే అది బ్రేకే గానీ అదుపు కాదు. ఎంత కావాలంటే అంత తెరవగలగడమే స్పాయిలర్ అసలు బలం.

స్పాయిలర్లు తెరిచినప్పుడు ముక్కు పైకి గానీ కిందికి గానీ కదలడం సహజం. రెక్క వెనుక కిందికి పారే గాలి తోక మీద పడుతుంది. లిఫ్ట్ మారగానే ఆ ప్రవాహమూ మారి, తోక మీది బలం మారుతుంది. దీన్ని సరిచేయడానికి స్పాయిలర్ స్టిక్ కదిలినప్పుడల్లా ఎలివేటర్ కూడా కొద్దిగా కదిలేలా ట్రాన్స్‌మిటర్‌లో మిక్సింగ్ పెడతారు. ఎంత పెట్టాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. 50, 60 మీటర్ల ఎత్తులో నిటారుగా ఎగురుతూ, ముందు పావు వంతు, తర్వాత సగం, చివరికి పూర్తిగా తెరిచి చూడాలి. ముక్కు ఎటు పోతోందో గమనించి, దిగాక సరిదిద్ది, మళ్లీ పరీక్షించాలి. తెరిచినా మూసినా వేగం మారకపోతే అమరిక కుదిరినట్టే.

రేడియో సంకేతం తెగిపోతే ఏం జరగాలో కూడా ముందే నిర్ణయించాలి. దీన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. స్పాయిలర్లు మూసి ఉంటే అదుపు లేని గ్లైడర్ గాలివాటున చాలా దూరం పోయి ఎవరి మీదైనా పడవచ్చు. తెరుచుకునేలా పెడితే దగ్గరలోనే దిగుతుంది.

దించే పద్ధతి

ఎలివేటర్‌తో వేగం, స్పాయిలర్‌తో వాలు: గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఇదే. చేరలేమేమో అనిపించినప్పుడు ముక్కును పైకి లాగాలని చేయి ఉబలాటపడుతుంది. ముక్కెత్తితే దూరం పెరగదు. వేగం తగ్గి మోడల్ స్టాల్ అవుతుంది. చేయాల్సింది స్పాయిలర్లు మూయడం.

దీనికి అవకాశం ఉండాలంటే దిగే దారిని ముందే సగం స్పాయిలర్‌కు సరిపోయేలా ఎంచుకోవాలి. మన మోడల్ 10 మీటర్ల ఎత్తు నుంచి మూసిన స్పాయిలర్లతో 200 మీటర్లు పోతుంది, పూర్తిగా తెరిస్తే 60 మీటర్లు. సగం తెరిచినప్పుడు నిష్పత్తి 10 అనుకుంటే 100 మీటర్లు. లక్ష్యం 100 మీటర్ల దూరంలో ఉండేలా సగం తెరిచి వస్తే, ఎత్తు ఎక్కువైతే ఇంకా తెరవవచ్చు, తక్కువైతే మూయవచ్చు. పూర్తిగా మూసి వచ్చేవారికి దూరం పెంచుకునే దారి ఉండదు. పూర్తిగా తెరిచి వచ్చేవారికి తగ్గించుకునే దారి ఉండదు.

ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగాలి. గాలిలో మోడల్ వేగం సెకనుకు 10 మీటర్లు, గాలి వేగం 5 మీటర్లు అనుకుంటే, ఎదురుగాలిలో నేల మీద వేగం 5 మీటర్లే. గాలివాటున దిగితే 15 మీటర్లు. మూడు రెట్ల వేగం అంటే తొమ్మిది రెట్ల గతిజ శక్తి. దెబ్బ తీవ్రత అంతగా పెరుగుతుంది. అందుకే గాలివాటున సమాంతరంగా వెళ్లి, ఒక మలుపు తిరిగి, ఇంకో మలుపుతో గాలికి ఎదురుగా చివరి దారిలోకి వస్తారు. ప్రతిసారీ తనకు ఎదురుగా ఒకే చోటు మీదుగా, ఒకే ఎత్తులో ఈ మార్గంలోకి ప్రవేశించడం అలవాటు చేసుకుంటే అంచనా కుదురుతుంది.

ఇక్కడ నేల మీద నిలబడిన పైలట్‌ను కన్ను రెండు విధాలా మోసం చేస్తుంది. మొదటిది దూరం. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. వంద మీటర్ల దూరంలో ఉన్న వస్తువు చెట్టుకు ఇవతల ఉందో అవతల ఉందో చెప్పడానికి ఆ ఎడం చాలదు. అందుకే చెట్ల మీదుగా దిగే దారి పెట్టుకోకూడదు. రెండోది వేగం. గాలివాటున పోతున్న మోడల్ సెకనుకు 15 మీటర్ల వేగంతో కనిపిస్తుంది. ఎక్కువ వేగంగా పోతోందనుకుని ముక్కు పైకెత్తితే, గాలిలో దాని అసలు వేగం పదికన్నా తగ్గి స్టాల్ అవుతుంది. రెక్కకు తెలిసేది గాలితో పోల్చిన వేగమే, నేలతో పోల్చినది కాదు. మోడల్ ముక్కు నేలతో ఎంత కోణంలో ఉందో చూడటమే దీనికి విరుగుడు.

నేల దగ్గర గాలి నెమ్మదిస్తుంది. చెట్లు, గడ్డి, గట్లు దాన్ని అడ్డుకుంటాయి. ఎదురుగాలిలో దిగుతున్న మోడల్ చివరి కొన్ని మీటర్లలో ఈ నెమ్మది గాలిలోకి వచ్చేసరికి దాని గాలి వేగం హఠాత్తుగా పడిపోతుంది. గాలి బలంగా ఉన్న రోజు కాస్త అదనపు వేగంతో రావడం ఇందుకే. మోడల్ మనవైపు వస్తున్నప్పుడు ఎడమ, కుడి తారుమారవుతాయి. ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్‌ను అటువైపే నెట్టాలన్నది పనికొచ్చే చిట్కా.

నేలకు మీటరు ఎత్తులో స్పాయిలర్లను ఒక్కసారిగా తెరవకూడదు, మూయకూడదు. తెరిస్తే ధబ్బున పడుతుంది, మూస్తే పైకి లేచి తేలుతూ పోతుంది. ఉన్న స్థితిలోనే ఉంచి, ముక్కును కొద్దిగా ఎత్తితే సాఫీగా తాకుతుంది. ఆ తర్వాత పూర్తిగా తెరిస్తే మళ్లీ ఎగరదు.

ఈ నైపుణ్యానికి పోటీల్లో గుర్తింపు ఉంది. అంతర్జాతీయ వైమానిక క్రీడా సమాఖ్య నిర్వహించే ఎఫ్5జె విభాగంలో, లక్ష్యానికి ఒక మీటరు లోపు దిగితే 50 పాయింట్లు. ప్రతి మీటరుకూ ఐదేసి తగ్గుతూ, 10 మీటర్లు దాటితే సున్నా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మన దేశంలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ విద్యార్థులకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగంగా ఉంది. సొంతంగా నేర్చుకునేవారు తేలికైన ఫోమ్ గ్లైడర్‌తో, అనుభవజ్ఞుల పక్కన నిలబడి మొదలుపెట్టడం మంచిది. రేడియోతో నడిపే మోడళ్లకు 2021 డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. మోడల్ ఎప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై పటంలో ముందే చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే సుమారు 120 మీటర్ల ఎత్తు వరకు అనుమతి ఉంటుంది.

ల్యాండింగ్ సాధన నేల దగ్గర మొదలుపెట్టాల్సిన పని లేదు. 40 మీటర్ల ఎత్తులో నేల ఉందని ఊహించుకుని, సగం స్పాయిలర్‌తో దిగుతూ వచ్చి, ఆ ఊహా నేల దగ్గర ఆపి చూడండి. వేగం మారకుండా వాలును మాత్రమే మార్చడం చేతికి అలవాటయ్యే వరకు ఇలా చేయండి. అక్కడ తప్పు చేస్తే పోయేది కొంత ఎత్తే. నేల దగ్గర చేస్తే పోయేది మోడల్, ఒక్కోసారి దారిన పోయే మనిషి భద్రత కూడా.